మోతీ దుల్కీ

నిన్న సాయంత్రం మా ఏ.ఎస్. రావు నగర్ పెద్ద రోడ్డు మీద ఒక పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చింది. ముందు బ్యాండు, దాని వెనక గుర్రం మీద పెళ్ళికొడుకు, ఆ వెనక ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు బస్సులు, ఆటోలు, కార్లు. అందరూ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పంటి డాక్టరు దగ్గరికని నన్ను నడిపించుకుపోతున్న మా మనవరాలూ నేనూ ఆ గోల మధ్యలో ఇరుక్కుపోయాం. అంత పొగలోనూ నా ముక్కుకు ఒక వాసన తగిలింది. చెమట, తడిసిన తోలు, నమిలిన గడ్డి, మూడూ కలిసిన గుర్రం వాసన. నాకు వెంటనే దాని చెవులు చూడాలనిపించింది. మునివేళ్ళ మీద లేచి మరీ చూశాను. చెవుల్లో ఏమీ లేదు.

"పాపం, దూది పెట్టలేదే" అన్నాను.

"ఎవరికి అమ్మమ్మా?"

"గుర్రానికి."

"నీ పన్ను నొప్పి తలకెక్కింది" అని అది నవ్వింది. ఇంటికి వచ్చాక ఆ దూది సంగతి చెప్పమంది. చెబుతూ ఉంటే కాగితం తెచ్చుకుని రాయడం మొదలుపెట్టింది. నాకు రాయడమంటే నా సంతకం వరకే. ఆ సంతకం నేర్పిన మనిషి గురించే చెబుతున్నాను.

రూతమ్మ టీచరును మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, బక్క మనిషి. గంజి పెట్టిన తెల్ల చీర, ఎండ ఉన్నా లేకున్నా చేతిలో నల్ల గొడుగు. గుంటూరు వైపు నుంచి వచ్చి చిలకలగూడలో మా వీధి మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. రజాకార్ల గొడవల్లో బడి మూతపడితే వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. పోలీస్ యాక్షన్ అయి, మిలటరీ దిగి, రైళ్ళు సరిగా నడిచాక తిరిగి వచ్చి మా పక్క వాటాలో చేరారు. వచ్చి చూసేసరికి బడిలో బెంచీలు లేవు, గేటు దగ్గర వేలాడే ఇత్తడి గంట కూడా లేదు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. మా ఆయన రాములు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. మాకు ఒక గుర్రం, దాని పేరు మోతీ. ఒక కూతురు, సరోజ. నా గొంతు పుట్టుకతోనే బొంగురు, పైగా పెద్దది. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఆ గొంతు ఇంటికి అచ్చిరాదని తిట్టింది. మా ఆయన తిట్టేవాడు కాదు గాని, "జెర మెల్లగ మాట్లాడవే, మోతీ బెదురుతది" అనేవాడు. ఒకరోజు కుళాయి దగ్గర నా వరుసలోకి ఎవతో బిందె దూర్చితే నేను గొంతు ఎత్తుకున్నాను. ఇంకా దించకముందే గొడుగు పట్టుకుని ఈ టీచరమ్మ వచ్చి నిలబడ్డారు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఇక ఆ ఆంధ్రా మాటలతో నాకు మంచీ మర్యాదా చెబుతుందని నేను నడుం మీద చెయ్యి వేసుకున్నాను.

"ఏవమ్మా, ఇందాక అరిచింది నువ్వేనా?"

"నేనే. ఏందీ, మీకు తక్లీఫ్ అయ్యిందా?"

"బడి దాకా వినిపించింది."

"విననీ. వరుస తప్పితె అరవక ముద్దు పెట్టుకుంటరా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. "రేపు పొద్దున బడివేళకి ఇదే గొంతుతో పిల్లల్ని పిలుస్తావా? మా గంట పోయింది. నేను పిలిస్తే గేటు కూడా దాటదు" అన్నారు.

అట్లా నేను ఆ బడికి గంటనయ్యాను. పొద్దున్నే గేటు ముందు నిలబడి "బడికి రాండ్రి పోరగాండ్లూ!" అని ఒక్క కేక వేస్తే వీధి ఆ చివర చద్దన్నం తింటున్న వాడు కూడా చెయ్యి కడుక్కునేవాడు. "ఆఖరుకు నీ గొంతుకు నౌకరి దొరికిందే" అని మా ఆయన నవ్వేవాడు. పిలిచే మనిషి కూతురు బయట తిరిగితే బాగుండదని టీచరమ్మ సరోజను తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టారు. సాయంత్రాలు నాకు పలక ఇచ్చి, లచ్చమ్మ అని నా పేరు దిద్దించేవారు. చ కింద చ వత్తు దగ్గర నా చెయ్యి ఎప్పుడూ ఆగిపోయేది. "ఆగు, ఫరవాలేదు. పారిపోకు" అనేవారు. పుట్టాక నా గొంతును పనికొచ్చే వస్తువుగా చూసిన మొదటి మనిషి ఆమె. అంతకుముందు అది నాకే బరువుగా ఉండేది.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పకపోతే తరువాతి సంగతి మీకు అర్థం కాదు. మా నాయన ఒక నవాబుగారి దేవిడీలో, అంటే పెద్ద భవంతిలో, గుర్రాలు చూసేవాడు. ఆ రోజుల్లో నవాబుల మోటారు హారన్ వినిపించిందంటే దారిలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే గోడ పక్కకు పోయి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడాలి. దుమ్ము అణిగేదాకా తల ఎత్తకూడదు. మోటారులో ఉన్నవాళ్ళ మొహంలోకి చూడటం పొగరు కింద లెక్క. మా నాయన నా మెడ మీద అరచెయ్యి వేసి వంచి నేర్పాడు. నేను సరోజకు అట్లాగే నేర్పాను. మేమే కాదు, మా వీధిలో అందరం అంతే. టాంగా గుర్రాలకు కూడా పిల్లలుగా ఉన్నప్పటి నుంచే అలవాటు చేసేవాళ్ళు. హారన్ వింటే కళ్ళెం లాగకుండానే ఎడమకు తొలగి ఆగిపోయేవి. దాని వల్ల ఎవరికీ దెబ్బ తగిలింది లేదు. నవాబుల మోటార్లు నాలుగైదే, అవి కూడా నలుగురూ చూడాలని రోడ్డు నడిమధ్య నుంచి తాపీగా పోయేవి. గోడ పక్కన నిలబడ్డవాడికి భయం ఉండేది కాదు.

మిలటరీ లారీలు అట్లా కాదు. స్టేషన్ గూడ్స్ షెడ్డు నుంచి మౌలాలి వైపు వాళ్ళ డేరాల దాకా రోజంతా సామాన్లు మోసేవి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన డ్రైవర్లు. వాళ్ళకు మా వీధి ఒక వీధి కాదు, దారి అంతే. అడ్డం ఏది వచ్చినా హారన్ కొట్టి పక్క నుంచి కోసుకుపోయేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం బడి వదిలారు. సరోజ ఇంటికి వస్తోంది. వెనక హారన్ మోగింది. నా బిడ్డ పరుగున గోడ దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. లారీ ముందు ఎద్దులబండి ఉంది. దాన్ని తప్పించడానికి లారీ గోడ వైపుకే వచ్చింది. సరోజ తల ఎత్తి ఉంటే పక్కనే ఉన్న వాకిట్లోకి ఒక్క అడుగు వేసేది. నేను పోయేసరికి జనం మూగి ఉన్నారు. "పాపం, పిల్లది తప్పేం లేదు. అదబ్‌తోనే నిలబడ్డది" అని ఎవరో అంటున్నారు. మర్యాదగా నిలబడినందుకే నా బిడ్డ కాలు విరిగింది.

కాలు అతుక్కోవడానికి చాలా రోజులు పట్టింది. అతుక్కున్నాక కొంచెం ఈడ్చి నడిచేది. నేను దాన్ని గడప దాటనివ్వలేదు. బడికి పిల్లల్ని పిలవడం కూడా మానేశాను. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ టీచరమ్మ మా అరుగు మీద కూర్చున్నారు. ఆమెకు గుర్రమంటే భయం, దాని వాసన అస్సలు పడదు. కట్టేసి ఉన్న మోతీ వైపు ఓరగా చూస్తూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"సరోజని ఎప్పుడు పంపిస్తావు?"

"పంప. నేను సదువుకున్ననా? బతుకుతలేనా?"

"నువ్వు పిలవడం మానేశావు. సగం మంది పిల్లలు రావడం లేదు."

"ఏమని పిలవాలె టీచరమ్మా? లారీ కింద పడనీకి రాండ్రని పిలవాల్నా?"

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాసేపు గొడుగు కొసతో నేల గీకి, "సరే. ఏం జరిగితే పంపిస్తావు? అది చెప్పు" అన్నారు.

"లారీలు మెల్లగ పోవాలె."

"ఎంత మెల్లగా?"

ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. "జెర మెల్లగ" అన్నాను.

"నేను వెళ్ళి ఆఫీసరుకి 'జెర' అని చెప్తే ఏం రాసుకుంటాడమ్మా? సరిగ్గా చెప్పు."

నేను అటూ ఇటూ చూశాను. మోతీ తోకతో ఈగలు తోలుకుంటోంది. గుర్రానికి నడక ఉంది, పరుగు ఉంది, రెండింటికీ నడుమ గజ్జెలు ఒక తాళంలో మోగే నడక ఒకటుంది. దాన్ని టాంగావాళ్ళు దుల్కీ అంటారు. "మా మోతీ దుల్కీ పోయినంత. అది గూడ పిల్లతల్లులు కూసున్నప్పుడు పోయే దుల్కీ. అంతకు మించితె నా బిడ్డను పంప" అన్నాను.

"ఈ మాట నువ్వే వచ్చి చెప్పాలి" అని ఆమె లేచారు.

పోలీసు కచేరీకి పోయాం. నేను ఆమె గొడుగు వెనక దాక్కున్నాను. కుర్చీలో కొత్తగా వచ్చిన ఆఫీసరు. అతను ఇంగ్లీషులో ఏదో అడిగితే టీచరమ్మ, "ఈమె చెబుతుంది" అని తెలుగులో అని నన్ను ముందుకు తోశారు. నా మెడ దానంతట అదే వంగిపోయింది. చెవి దగ్గర ఆమె గొంతు వినిపించింది. "తల ఎత్తి చెప్పు లచ్చమ్మా. నేలకి చెవులు లేవు."

ఎత్తి చెప్పాను. నా గొంతు ఆ గదిలో పడి గోడలకు కొట్టుకుంటే పక్క గదిలో గుమాస్తాలు తొంగి చూశారు. ఆఫీసరు చెవి రుద్దుకుని, "ఇంత గట్టిగా ఎందుకమ్మా?" అన్నాడు.

"లారీల సప్పుడుల ఉండేటోళ్ళం సార్. మెల్లగ మాట్లాడితె మాకే ఇనపడది."

ఆయన నవ్వాడు. దుల్కీ అంటే ఎంత అని అడిగి, తనలో తాను లెక్క వేసుకుని, గంటకు పది మైళ్ళు అని రాసుకున్నాడు. కొన్నాళ్ళకు మా వీధి మొదట్లో బోర్డు పాతారు. పైన ఇంగ్లీషు, కింద ఉర్దూ, మధ్యలో అంకె. మా వీధి ఆడవాళ్ళ సంబరం చూడాలి. సర్కారు మన మాట విని పంపిన బోర్డని దానికి పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం, బంతిపూల దండ వేశాం. ప్రతి శుక్రవారం మళ్ళీ రాశాం. టీచరమ్మ క్రైస్తవురాలు, అయినా ఒక్క మాట అనలేదు. మా సంబరం చెడగొట్టడం ఇష్టం లేక దూరం నుంచి చూసి పోయేవారు.

లారీలు మాత్రం ఎప్పటిలాగే పోయాయి. "మీ బోర్డు గుడ్డిది టీచరమ్మా" అన్నాను.

"దుల్కీ అంటే ఏమిటో వాళ్ళు చూళ్ళేదు కదా. చూపిద్దాం" అన్నారు ఆమె. అంటే ఏమిటో మొదట నాకు తెలియలేదు. బడివేళకూ వదిలేవేళకూ లారీల ముందు టాంగా నడపాలి. వీధి నడుమ నుంచి, దుల్కీలో, బడి దాటేదాకా.

టాంగా అడ్డాకు పెద్ద గౌస్ చాచా. ఆయనతో చెబితే గడ్డం నిమురుకున్నాడు. "బేటీ, నీ బిడ్డంటే నా బిడ్డనే. కానీ గీ దినాలల్ల గౌస్ పోయి ఫౌజీ లారీకి అడ్డం నిలబడ్డడంటే ఏమంటరు? రజాకారంటరు. నన్ను మాఫ్ చెయ్" అన్నాడు. ఆ నెలల్లో అట్లాంటి ఒక్క మాటతో మనుషులు ఎటు పోయారో తెలియకుండా పోయారు.

మా ఆయన లేచాడు. "నన్నేమన్న అననీ చాచా. కాలు ఇరిగింది నా బిడ్డకు" అన్నాడు.

"నువ్వు సరే. హారన్ కొడితె నీ మోతీ ఆగుతదా? చూస్కో" అన్నాడు చాచా.

చాచా అన్నట్టే అయింది. టాంగాలో వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో నేనూ టీచరమ్మా లారీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాం. లారీ దగ్గరికి వచ్చింది, హారన్ కొట్టింది. మోతీ ఎంచక్కా ఎడమకు తొలగి, మర్యాదగా తల వంచి నిలబడింది. లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. టీచరమ్మ గంజి చీర ఎర్రమన్ను రంగు తిరిగింది. ఇంకోసారి పోయాం. మళ్ళీ అంతే. "ఏందయ్యా, కళ్ళెం పట్టవా?" అని నేను అరిస్తే మా ఆయన, "నేనేం చేయాలెనే? గుర్రం కంటె ముందు నా చెయ్యే పక్కకు గుంజుతున్నది" అన్నాడు.

అడ్డాలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. గౌస్ చాచా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, వాసన కోసం తన చెవి మడతలో పెట్టుకున్న ఇత్తరు దూది తీశాడు. దాన్ని రెండు ముక్కలు చేసి, ఇంకాస్త దూది కలిపి, మోతీ చెవుల్లో మెల్లగా కూరాడు. "గిట్లయితె నేను అడ్డం నిలబడ్డట్టు కాదు కదా. ఇత్తరు పెట్టిన, అంతే" అన్నాడు.

"మరి నా చేతికో?" అన్నాడు మా ఆయన.

"నువ్వు సుత చెవుల పెట్టుకో."

గుర్రానికీ మనిషికీ ఇద్దరికీ దూది పెట్టి మళ్ళీ బయలుదేరాం. టీచరమ్మ రుమాలు తీసి మడిచి పెట్టుకుంటూ, "ఇప్పుడు మీ గుర్రం వాసన బాగుంది" అన్నారు. వెనక లారీ వచ్చింది. దాని ముక్కు మా మోకాళ్ళను తాకేంత దగ్గరగా వచ్చింది. హారన్ మోగుతూనే ఉంది. మోతీ గజ్జెల తాళం తప్పలేదు. వెనక్కి తిరిగి కూర్చుంటే టీచరమ్మకు పడేది కాదు. మొహం తెల్లగా పాలిపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అయినా ఆ డ్రైవరు మొహం మీది నుంచి చూపు తిప్పలేదు.

"హటో! టాంగా హటావ్!" అని అతను తల బయట పెట్టి అరిచాడు.

"అరువు ఇంక," అన్నారు టీచరమ్మ నాతో.

"ఆహిస్తా!" అని అరిచాను. "బచ్చే హై, ఆహిస్తా!" పిల్లలున్నారు, మెల్లగా అని.

బడి గేటు దాటగానే మా ఆయన పక్కకు తీసి దారి ఇచ్చాడు. లారీ పోతూ పోతూ మమ్మల్ని ఏదో తిట్టింది. మరునాడు మళ్ళీ పోయాం. ఆ తరువాత కూడా. స్టేషన్‌లో మంచి బేరాలు తగిలే వేళ మా ఆయన అడ్డా వదిలి వచ్చేవాడు. ఒకరోజు మా వెనక ఇంకో గజ్జెల చప్పుడు వినిపిస్తే చూశాను. గౌస్ చాచా. "ఏమో బేటీ, నా గుర్రం సుత ఇత్తరు అడుగుతున్నది" అన్నాడు.

అప్పటికీ నేను సరోజను పంపలేదు. టీచరమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. ఒకరోజు టాంగా దిగి చీర దులుపుకుంటూ మాత్రం, "నువ్వు చెప్పినంత మెల్లగానే పోతున్నాయి. నా మాట అయింది. ఇక నీ మాట" అన్నారు.

పంపాను. ఆ పొద్దున టీచరమ్మ బడి గేటు దగ్గర నిలబడ్డారు, నేను ఇటు మా వాకిట్లో. దూరంగా మోతీ దుల్కీలో వస్తోంది, దాని వెనక లారీ, ఆ వెనక జీపు. కావలసినంత వ్యవధి ఉంది. "పో బిడ్డా" అన్నాను. సరోజ కాలు ఈడ్చుకుంటూ రోడ్డు నడిమికి పోయింది. అప్పుడు జీపుకు ఓపిక అయిపోయింది. గట్టిగా హారన్ కొట్టి, లారీనీ టాంగానూ దాటేసి అవతలి పక్కకు కోసుకుని వచ్చింది. హారన్ వినగానే నా బిడ్డ తనకు వచ్చిందే చేసింది. అవతలి గోడ దగ్గరికి కుంటుతూ పరుగెత్తి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. జీపు వస్తోంది ఆ గోడ వెంటే.

గేటు దగ్గర టీచరమ్మ నోరు తెరిచి అరవడం నాకు కనిపించింది. వినిపించలేదు. గేటు దాటని గొంతు. ఆమె నా వైపు తిరిగి గొడుగు ఎత్తి చూపించారు, అరువు అన్నట్టు.

"సరోజా! తలెత్తు! వాని మొకం చూడు!"

ఆ కేకకు సరోజ తల ఎత్తింది. జీపును చూసింది. పక్క ఇంటి గడప మీదికి ఒక్క అడుగు వేసింది. ఆ కేక డ్రైవరుకూ తగిలింది. బ్రేకు వేశాడు. సరోజ అంతకుముందు నిలబడ్డ చోటనే వచ్చి ఆగింది జీపు. లారీ ఆగింది. కుళాయి దగ్గర బిందెలు ఆగాయి. వీధంతా బిగుసుకుపోయింది. చెవుల్లో దూది ఉన్న మోతీ ఒక్కటే ఏమీ ఎరగనట్టు గజ్జెలు మోగించుకుంటూ, అదే దుల్కీలో, ఆగిన జీపు పక్క నుంచి సాగిపోయింది.

జీపులోంచి ఒక మిలటరీ ఆఫీసరు దిగాడు. ఆ టాంగా ఎవరిదని గద్దిస్తూ దిగినవాడు సరోజ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అది నేను చెప్పినట్టే చేస్తోంది. ఆయన మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఈడ్చిన కాలు ముందుకు పెట్టుకుని నిలబడింది. ఆయన దాని కాలు చూశాడు, మళ్ళీ దాని మొహం చూశాడు. మొదట తల దించింది ఆయనే.

టీచరమ్మ వచ్చి ఇంగ్లీషులో మాట్లాడారు. పది మైళ్ళకు మించకూడదని వీధి మొదట్లో బోర్డు ఉంది, మీవాళ్ళెవరూ దాన్ని లెక్కచెయ్యడం లేదు అన్నారట. ఏ బోర్డు, నేను చూళ్ళేదే అన్నాడాయన. పదండి చూపిస్తానని ఆమె గొడుగు పట్టుకుని ముందు నడిచారు. వీధంతా వెనక నడిచింది. బోర్డు దగ్గరికి పోయాక ఆఫీసరు దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇది బోర్డా? ఏదో అమ్మవారనుకున్నాను. మా డ్రైవర్లు రోజూ దండం పెట్టుకుని పోతున్నారు" అన్నాడు.

అప్పుడు చూశాం మేం. అన్ని శుక్రవారాల పసుపూ కుంకుమా పేరుకుని, దండలు ఎండి వేలాడి, లోపల అంకె ఉందో లేదో దేవుడికే తెలియాలి. టీచరమ్మ మొదట గంభీరంగా నిలబడ్డారు. తరువాత గొడుగు అడ్డం పెట్టుకున్నారు. గొడుగు వణుకుతుంటే తెలిసింది నవ్వుతున్నారని. నేను పోయి బిందెడు నీళ్ళు తెచ్చి బోర్డు కడిగాను. పచ్చని నీళ్ళు కారి, ఒకటీ సున్నా బయటపడ్డాయి.

ఆ వారం నుంచి వీధి మొదట్లో ఒక జవాన్ను కాపలా పెట్టారు. ఎంత మెల్లగా పోవాలని కొత్త డ్రైవరెవడైనా అడిగితే, ఆ జవాను బోర్డు చూపించేవాడు కాదు. "మోతీ కీ దుల్కీ" అనేవాడు. లారీలు తగ్గి బస్సులు వచ్చినా ఆ పేరు చాలా ఏళ్ళు ఉండిపోయింది. నేను మళ్ళీ గేటు ముందు నిలబడి పిల్లల్ని పిలిచాను. సరోజ మెట్రిక్ పాసయ్యేదాకా ఆ రోడ్డు దాటింది. ఇక్కడ మా ఇంటి పక్కనే ఉన్న పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరైంది. ఇప్పటికీ ఎవరు ఏం మాట్లాడినా మొహంలోకి చూసే వింటుంది. కొందరికి అది నచ్చదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రతో కలుస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో టీచరమ్మ రిటైరై వాళ్ళ ఊరు బయలుదేరారు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, గొడుగు. మోతీ అప్పటికి ముసలిదైపోయింది. ముందు సీట్లో కూర్చోమని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. "వెనక కూర్చుంటేనే కదా వీధి కనిపించేది" అని వెనక్కి తిరిగే కూర్చున్నారు, అది తనకు పడదని తెలిసి కూడా. రైలు తప్పుతుందేమోనని మా ఆయన కొరడా అందుకున్నాడు.

"వద్దు రాములూ. ఈ వీధిలో దాని నడక దానిదే. నా కోసం తప్పించకు" అన్నారు.

టాంగా మెల్లగా కదిలింది. ఆమె మాకు మొహం చూపిస్తూ, మమ్మల్ని చూస్తూ దూరమయ్యారు. ఏదో అన్నారు. నాకు వినిపించలేదు. నేను మాత్రం నా గొంతు అంతా పెట్టి "టీచరమ్మా!" అని పిలిచాను. బడి పిల్లలు గేటు దగ్గరికి పరుగెత్తి వచ్చారు, పిలిచింది తమనే అనుకుని. మలుపు తిరిగేదాకా ఆ గొడుగు పైకెత్తే ఉంది. రైలు తప్పలేదు. ఆ తరువాత ఆమెను నేను చూడలేదు. పోయారన్న మాట చర్చికి వచ్చినవాళ్ళు ఎవరో చెబితే తెలిసింది. మోతీ పోయింది. మా ఆయనా పోయాడు. ఆ దినాల్లో పరామర్శకు వచ్చినవాళ్ళ ముందు తల దించుకుని కూర్చోమని పెద్దవాళ్ళు చెప్పారు. నేను వాళ్ళ మొహాలు చూస్తూనే ఏడ్చాను.

నిన్న పెళ్ళి ఊరేగింపు కదిలాక రోడ్డు దాటబోయాం. పక్క నుంచి ఒక కారు హారన్ కొట్టింది. ఇన్నేళ్ళయినా హారన్ వింటే నా మెడ ముందు వంగుతుంది. మా నాయన అరచెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఆ తరువాతే నేను తల ఎత్తుతాను. మనవరాలు "పక్కకు రా అమ్మమ్మా" అని నా చెయ్యి లాగుతున్నా కదలకుండా, ఆ డ్రైవరు మొహంలోకి చూశాను. కుర్రవాడు. నన్ను చూశాడు. కారు మెల్లగా చేసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

"అతన్ని ఎందుకట్లా గుడ్లురిమి చూశావు?" అంది మనవరాలు, అవతలికి చేరాక.

"గుడ్లురమలేదు బిడ్డా. నేనున్నానని చెప్పిన."